సీటు కింది తీగ

మా వెర్లిన్ బావ చేతి దెబ్బ తినని మగవాడు ఈ లోయలో ఉన్నాడంటే వాడు చంటిపిల్లాడైనా అయ్యుండాలి, పాస్టరైనా అయ్యుండాలి. పాస్టర్లలో కూడా ఒకాయన తిన్నాడు. ఆయన తర్వాత బైబిలు పక్కన పెట్టి పాత కార్లు అమ్ముకుంటున్నాడు కాబట్టి ఆయన్ని నేను లెక్కలో వేయను.

బావ అంటే నా మొగుడు డెన్వర్‌కి సొంత అన్న. స్టిడమ్‌ల ఇంట్లో వాళ్లిద్దరే పిల్లలు. వాళ్ల నాన్న బొగ్గు గని నుంచి ఇంటికి రాగానే నడుముకున్న బెల్టు విప్పేవాడట. వెర్లిన్ తమ్ముణ్ణి వెనక్కి నెట్టి తాను ముందు నిలబడేవాడట. పద్నాలుగో ఏట ఒక సాయంత్రం ఆ బెల్టు లాక్కుని నాన్ననే చితకబాదాడు. "ఆ రోజు నుంచి మా ఇంట్లో బెల్టు, ప్యాంటు జారకుండా ఉండటానికే పనికొచ్చింది" అని డెన్వర్ నవ్వుతూ చెప్పేవాడు. నవ్వుతున్నా, చెప్పేటప్పుడు అతని చెయ్యి వీపు తడుముకునేది.

బావ కూడా గనిలోకే దిగాడు. లోపల కరెంటు పని. ఇరవై రెండేళ్లు చేశాక గని మూసేస్తే, రోడ్డు పక్కన మూతపడ్డ పెట్రోలు బంకులో గడ్డి కోసే బండ్లు బాగుచేసే షాపు పెట్టాడు. ఎడమచేతి వాటం మనిషి. ఆ చేత్తోనే బియ్యపు గింజంత స్క్రూని బిగించేవాడు, ఆ చేత్తోనే దవడలు పగలగొట్టేవాడు. భార్య విల్మా తొమ్మిదేళ్లు భరించింది. ఒక ఆదివారం మొక్కజొన్న రొట్టె కాల్చే ఇనప పెనంతో నడినెత్తి మీద ఒక్కటిచ్చి, రొట్టె కూడా పట్టుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది. విల్మా అంటే నాకు చాలా గౌరవం.

ఇక బావకి పిచ్చెక్కించే సంగతి ఒకటుంది. తూర్పు కెంటకీలో నేల బల్లపరుపుగా ఎక్కడా ఉండదు. ఇల్లు కొండకి అతుక్కుని ఉంటుంది, పెరడు ఏటవాలుగా జారుతూ ఉంటుంది. కూర్చుని నడిపే గడ్డికోత బండి ఆ వాలు మీద పడిపోకుండా ఉండాలంటే మనిషి సీటులోంచి సగం లేచి ఎగువ వైపుకి ఒరగాలి. సీటు కింద ఒక స్విచ్ ఉంటుంది. మనిషి బరువు సీటు మీద లేకపోతే అది ఇంజన్‌ని ఆపేస్తుంది. కిందపడ్డ మనిషి మీదికి బండి రాకూడదని పెట్టింది. మా వాళ్లు ఒరిగినప్పుడల్లా ఇంజన్ ఆగిపోతుంటే ఎవరికి ఓపిక? ఆ స్విచ్‌కి పోయే తీగలు రెండూ పీకి ఒకదానికొకటి మెలేసేస్తారు. ఇక బండి మీద ఎవరూ లేకపోయినా ఇంజన్ ఆడుతూనే ఉంటుంది. ఈ లోయలో పుట్టిన ప్రతి బండికీ సీటు కింద ఆ ముడి ఉండేది.

బావ షాపుకి అలాంటి బండి తెస్తే అంతే సంగతులు. ఒకసారి చర్చి పెద్ద ఒకాయన తన బండి తెచ్చాడు. బావ సీటు ఎత్తి చూశాడు.

"ఇదెవరు కట్టారు?"

"నేనేలేవయ్యా. వాలు మీద ఊరికే ఆగిపోతోంది. నువ్వు బ్లేళ్లకి సాన పట్టు చాలు."

"మళ్లీ కడతావా?"

"నా బండి, నా ఇష్టం!"

ఆ మాట పూర్తవకుండానే బావ ఆయన కాలరు పట్టుకుని, ఈడ్చుకుంటూ రోడ్డు దాటించి, వాగులోకి విసిరేశాడు. అది మార్చి నెల, నీళ్లు మంచులా ఉన్నాయి. ఆయన పైకి రాబోతే బూటుతో వేళ్ల మీద తొక్కాడు. "కట్టనని చెప్పి పైకి రా" అన్నాడు. చెప్పాకే రానిచ్చాడు. దానికి ముప్పై రోజులు జైల్లో ఉన్నాడు. బయటికొచ్చిన రోజే ఇంకొకడి ముక్కు పగిలింది. కారణం అదే తీగ.

జనం తిట్టుకునేవాళ్లు కానీ లోలోపల జాలిపడేవాళ్లు. నేనూ జాలిపడేదాన్ని. ఎందుకంటే అలాంటి తీగ వల్లే నా డెన్వర్ పోయాడు.

మే నెల ఆఖరి ఆదివారం మా వాళ్లందరూ కొండ మీద సమాధుల దగ్గర చేరతారు. ముందురోజే గడ్డి కోసి, రాళ్లు కడిగి, పూలు పెట్టాలి. పదకొండేళ్ల కిందటి ఆ శనివారం డెన్వర్ మా బండితో కోస్తున్నాడు. నీళ్లు తాగడానికి ఇంజన్ ఆపి దిగాడు. తిరిగి తాళం తిప్పితే టక్ మని ఒక్క చప్పుడు, అంతే. బ్యాటరీకీ స్టార్టర్‌కీ మధ్య సోలినాయిడ్ అని నస్యం డబ్బాలాంటిది ఒకటుంటుంది. తాళం తిప్పితే అది లోపల మూసుకుని బ్యాటరీ బలమంతా స్టార్టర్‌కి వదలాలి. అది చెడిపోతే టక్కుమని ఊరుకుంటుంది. మా మగవాళ్లందరికీ దానికి ఒకటే మందు తెలుసు. స్క్రూడ్రైవర్‌ని దాని రెండు లావు బోల్టుల మీదా అడ్డంగా పెట్టడం. నిప్పులు ఎగురుతాయి, స్టార్టర్ తిరుగుతుంది, ఇంజన్ అందుకుంటుంది. తాళం, బ్రేకు ఏవీ అడ్డు రావు.

డెన్వర్ చక్రం ముందు నేల మీద నిలబడి పసుపు పిడి స్క్రూడ్రైవర్ పెట్టాడు. గేరు వేసే ఉంది. బ్లేళ్ల మీట కూడా తీయలేదు. సీటు స్విచ్ పనిచేసి ఉంటే, సీటు మీద ఎవరూ లేరు కాబట్టి ఇంజన్ అందుకునేదే కాదు. అందుకుంది. బండి ఒక్క గెంతు గెంతి అతన్ని పడగొట్టి మీదెక్కింది. నేను పాతిక అడుగుల దూరంలో పూలకుండీ కడుగుతున్నాను. నేను పరిగెత్తుకొచ్చేసరికి అది అతన్ని దాటి కిందికి దొర్లి ఒక రాతికి తగిలి ఆగింది. ఇంజన్ మాత్రం ఇంకా ఆడుతూనే ఉంది. నా మొగుడు నా ఒళ్లో రక్తం పోయి చచ్చిపోతున్నంతసేపూ ఆ దిక్కుమాలిన ఇంజన్ ఆడుతూనే ఉంది.

నా కేకలు విని బావ కొండెక్కి పరిగెత్తుకొచ్చాడు. ముందు ఇంజన్ ఆపాడు. సీటు ఎత్తి చూశాడు. వెంటనే దించేశాడు.

"తీగ కట్టేసి ఉంది. పోయిన వారం ఈ బండి ఎవడు పట్టుకెళ్లాడు?" అన్నాడు.

"హోబర్ట్" అన్నాను.

హోబర్ట్ నేపియర్ మా పక్కింటివాడు. నోట్లో నాలుక లేని మనిషి. తన పెరటి వాలు కోసుకోవడానికి బండి అడిగి తీసుకెళ్లి రెండ్రోజులు ఉంచుకున్నాడు. "నేను సీటే ఎత్తలేదమ్మా, ఒట్టు" అని ఆ రోజే ఏడ్చాడు. ఎవడు నమ్ముతాడు? షెరీఫ్ వచ్చి ప్రమాదం అని రాసుకుని పోయాడు. మేం రాసుకున్నది వేరు.

అంత్యక్రియల భోజనాల దగ్గర హోబర్ట్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. బావ లేచి వెళ్లి దవడ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గది చివరిదాకా వినిపించింది. కిందపడ్డవాడి మీద నేను బీన్స్ చారు కుండ ఎత్తి పోశాను. పొయ్యి మీంచి అప్పుడే దించింది. మెడ దగ్గర్నుంచి భుజం దాకా తోలు లేచొచ్చింది. వాడి అరుపు విని నాకు హాయిగా అనిపించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా హాయిగా అనిపించింది.

అంతటితో పోలేదు. ఆ కొండ మీద మా సమాధులూ, నేపియర్ల సమాధులూ పక్కపక్కనే ఉంటాయి. హోబర్ట్ భార్య రీవా అంతకు ముందు ఏడే పోయింది, ఆమెదీ అక్కడే. మరుసటి ఏడు హోబర్ట్ ఆమె సమాధికి పూలు తెస్తే బావ సమాధుల గేటు దగ్గరే అడ్డుపడి రెండు పక్కటెముకలు విరగ్గొట్టాడు. మధ్యలో ముళ్లకంచె కట్టాడు. హోబర్ట్ మళ్లీ కొండెక్కలేదు. వాడికి పిల్లలు లేరు, గడ్డి కోసే దిక్కు లేదు. బావా నేనూ మా వైపు నున్నగా కోసేవాళ్లం. కంచె అవతల రీవా రాయి ముళ్లడొంకలో మునిగిపోయింది. ప్రతి ఏడూ మే నెలలో హోబర్ట్ కింద రోడ్డు మీద ట్రక్కు ఆపుకుని, పూలు ఒళ్లో పెట్టుకుని, పైకి చూస్తూ కూర్చునేవాడు. "కూర్చోనీ దరిద్రుణ్ణి" అనుకునేదాన్ని.

డెన్వర్ పోయాక బావ నన్ను షాపులో పెట్టుకున్నాడు. పని నేర్పాడు. గనిలో నేర్చుకున్న పద్ధతులన్నీ నాకు పట్టించాడు. తీగలు అతికించాలంటే ఎడమకి ఏడు మెలికలు, మీద ఒక చుక్క సీసం, దాని మీద గని నుంచి పెట్టెడు తెచ్చుకున్న నల్ల గుడ్డ టేపు. టేపు చివర చిన్న మడత పెట్టి వదలాలి. "రేపు విప్పేవాడు గోళ్లతో గీక్కోకూడదు పిల్లా. మర్యాద" అనేవాడు. మనుషుల పళ్లు రాలగొట్టేవాడికి టేపు దగ్గర ఎంత మర్యాదో! నేను కుడిచేతి మనిషిని. అయినా తిట్లు తిని, చేతుల మీద దెబ్బలు తిని, ఎడమకి తిప్పడమే నేర్చుకున్నాను. అలా తిప్పేవాళ్లం ఈ లోయలో ఇద్దరమే.

ఆ బండిని మా ఇంటి వెనక షెడ్డులో పెట్టి తాళం వేశాను. బావ ఏడాదికోసారి అడిగేవాడు.

"అదెందుకే ఇంకా? నేను పట్టుకెళ్లి తుక్కులో వేసేస్తా."

"నా మొగుడి రక్తం ఉంది దాని మీద. ఎవరూ ముట్టుకోవద్దు."

"నీ మంచికే చెప్తున్నా."

నా మంచికే అనుకున్నాను. ఎంత మంచి బావ అని కూడా అనుకున్నాను!

ఈ ఏడు వానలు విపరీతంగా పడ్డాయి. కొండ మీద గడ్డి మోకాలి దాకా వచ్చింది. గురువారం నాడు కోయబోతే షాపు బండికి గేరుపెట్టె పగిలింది. ఇంకో బండి లేదు. శుక్రవారం బావ కంటి డాక్టరు దగ్గరికని టౌనుకి వెళ్లాడు. ఆదివారానికి జనం వస్తారు. ఏం చేయను? షెడ్డు తాళం తీశాను.

ఎలుకల గూళ్లు దులిపి, టైర్లకి గాలి కొట్టి, పాత పెట్రోలు వంచేసి, కార్బొరేటర్ కడిగి, కొత్త బ్యాటరీ పెట్టాను. సీటు మీద కూర్చుని బ్రేకు తొక్కి తాళం తిప్పాను.

టక్.

పదకొండేళ్ల కిందట విన్న చప్పుడే. చేతిలో ఉన్న రెంచీతో బండి మూతి మీద నాలుగు బాదాను. డెన్వర్‌ని తిట్టాను, హోబర్ట్‌ని తిట్టాను, ఏడ్చాను. తర్వాత ముక్కు తుడుచుకుని పని మొదలుపెట్టాను. కోపం వచ్చినా పని ఆగకూడదని కూడా బావే నేర్పాడు.

మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ నిండుగా ఉంది. తీగల చివర్లు గరుకు కాగితంతో తోమాను. మళ్లీ టక్. తాళం నుంచి సోలినాయిడ్‌కి వచ్చే సన్న తీగకి పరీక్ష దీపం తగిలించి తాళం తిప్పితే దీపం వెలిగింది. అంటే తాళం, బ్రేకు స్విచ్ బాగానే ఉన్నాయి. బ్యాటరీ వైపు లావు బోల్టు మీద పన్నెండున్నర వోల్టులు. మీటరుని స్టార్టర్ వైపు బోల్టుకి క్లిప్పుతో తగిలించి, కూర్చుని తాళం తిప్పి పట్టుకుంటే సున్నా. ఈ వైపు దాకా వచ్చిన కరెంటు ఆ వైపుకి దాటడం లేదు. దోషం సోలినాయిడ్‌దే, ఇంకెవరిదీ కాదు.

ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పాను. రెండు లావు నట్లు, రెండు చిన్నవి, బండి ఒంటికి బిగించిన బోల్టులు రెండు. పదిహేను నిమిషాల పని. షాపు నుంచి తెచ్చిన కొత్తది బిగించే ముందు అది ఆనే చోట తుప్పంతా గీకాను, ఇనుముకి ఇనుము తగలకపోతే కొత్తదీ పలకదు. పాతదాన్ని ఊరికే పారేయబుద్ధి కాలేదు. రంపంతో కోసి చూశాను. లోపల రాగి బిళ్ల నల్లగా కాలి గుంటలు పడి ఉంది. నా వేలి గోరంత బిళ్ల. పదిహేను నిమిషాల పని ఎవరూ చేయకపోబట్టి నేను విధవనయ్యాను.

తాళం తిప్పాను. ఇంజన్ దగ్గి, పొగ కక్కి, అందుకుంది. నేను సీటు దిగాను.

ఇంజన్ ఆగలేదు.

నాకు తెలిసిన సంగతే కదా. తాళం తీసేసి, "నీ పాడుపని ఇవాళ విప్పుతాను హోబర్ట్" అని పైకే అంటూ సీటు ఎత్తాను.

నల్ల గుడ్డ టేపు. చివర చిన్న మడత.

ఆ మడత పట్టుకుని లాగితే టేపు మర్యాదగా ఊడి వచ్చింది. లోపల ఎడమకి మెలికలు. లెక్కపెట్టాను. ఏడు. మీద సీసం చుక్క.

మళ్లీ లెక్కపెట్టాను, ఏడే. బయట బావ ట్రక్కు చప్పుడు వినిపించింది. ఇంజన్ మోత రోడ్డు దాకా వినిపించి ఉండాలి, సరాసరి షెడ్డులోకే వచ్చేశాడు. ఎత్తిన సీటుని చూశాడు, నన్ను చూశాడు.

"సీటు దించు" అన్నాడు.

"ఎవరు కట్టారు బావా?"

"దించమన్నానా?"

"ఏడు మెలికలు. లెక్కపెట్టా. నువ్వు కట్టావా?"

సమాధానం దెబ్బ రూపంలో వచ్చింది. అన్నేళ్లలో నన్ను ఎప్పుడూ ముఖం మీద కొట్టలేదు. నేను వెనక్కి వెళ్లి బండి మీద పడ్డాను, పెదవి చీలింది. అతను తీగ పీకబోయాడు. నేను అతని చెయ్యి పట్టుకుని కొరికాను. జుట్టు పట్టుకుని లాగితే పట్టు వదల్లేదు. ఇద్దరం నేల మీద పడి కుక్కల్లా కొట్టుకున్నాం. నాకు యాభై ఎనిమిది, అతనికి డెబ్బై ఒకటి. ఎవరైనా చూస్తే నవ్వుకునేవాళ్లేమో.

చివరికి ఆయాసపడి గోడకి జారబడ్డాడు.

"వాడే అడిగాడే. వాలు మీద ఆగిపోతోంది అన్నయ్యా, కట్టిపెట్టు అన్నాడు. ఈ లోయలో ప్రతి బండికీ ఉన్న ముడే కదా అనుకున్నా. వాడి మాట ఎప్పుడు కాదన్నాను? సోలినాయిడ్ పోయేలా ఉందనీ చెప్పాడు. సోమవారం మారుస్తా, ఈలోగా స్క్రూడ్రైవర్ పెట్టి లాగించు అన్నా."

"మరి హోబర్ట్?"

"నేను వాడి పేరు చెప్పలేదు. ఎవడు పట్టుకెళ్లాడని అడిగానంతే. పేరు చెప్పింది నువ్వు."

ఆ మాటతో నా కళ్ల ముందు ఎర్రగా అయిపోయింది. అవును, పేరు చెప్పింది నేనే! చారు పోసింది నేనే! పక్కనే టైరు విప్పే ఇనప కడ్డీ ఉంది. అతను నేలకి ఆనించుకున్న ఎడమ మణికట్టు మీద రెండు చేతులతో ఎత్తి కొట్టాను. ఎముక విరిగింది. అతను అరవలేదు. చెయ్యి వెనక్కి కూడా లాక్కోలేదు. ఇంకోటి కొడతానేమోనని చూస్తూ, ఆ చేతిని అక్కడే ఉంచాడు. అప్పుడు నాకు అర్థమైంది. వాగులో పడేసిన చర్చి పెద్ద, పగిలిన ముక్కులు, విరిగిన పక్కటెముకలు... పదకొండేళ్లుగా ఈ మనిషి తనని కొట్టుకోవడానికి చేతకాక ఊరందరినీ కొట్టాడు.

అర్థమైనంత మాత్రాన మనసు కరగలేదు.

"ఆదివారం కొండ మీద అందరి ముందూ నోరు తెరువు. నువ్వు తెరవకపోతే నేను తెరుస్తా" అన్నాను. అతన్ని ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. జారిపడ్డాడని రాయించుకున్నాం.

ఆస్పత్రి నుంచి నేరుగా హోబర్ట్ ఇంటికి వెళ్లాను. తలుపు తట్టగానే కిటికీలోంచి తుపాకీ గొట్టం బయటికొచ్చింది.

"నా వాకిట్లో నీకేం పని ఓపల్?"

"హోబర్ట్, ఆ తీగ కట్టింది నువ్వు కాదు."

గొట్టం కదల్లేదు.

"ఆ సంగతి నాకు పదకొండేళ్లుగా తెలుసు. నాకు తెలియందేదైనా ఉంటే చెప్పు, లేకపోతే పో."

నా పెదవి చీలి ఉంది, చొక్కా నిండా రక్తం మరకలు. క్షమించమంటే వాడి దవడ సరవుతుందా? "కట్టింది వెర్లిన్. ఆదివారం చెప్తాడు. రీవా వైపు గడ్డి రేపు నేను కోస్తా" అన్నాను.

తుపాకీ పేలింది. నా పాదాల ముందు మట్టి ఎగిరి ముఖాన పడింది. "నేను వచ్చేదాకా ఆ కంచె దాటావో, రెండోది కిందికి కొట్టను" అన్నాడు. నోట్లో నాలుక లేని హోబర్ట్! మేమే మొలిపించాం.

శనివారం సీటు స్విచ్‌కి తీగలు మళ్లీ సరిగ్గా తగిలించి, మా వైపంతా కోశాను. కంచె మాత్రం పీకేశాను.

ఆదివారం పొద్దున అందరూ వచ్చారు. ప్రార్థన అయ్యాక, పళ్లాలు పట్టుకునే ముందు, బావ లేచి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది. హోబర్ట్ అప్పుడే కొండెక్కి ఒక చివర నిలబడ్డాడు, చేతిలో పూలు, రెండో చేతిలో డొంకలు నరికే కత్తి. ఆ కత్తిని చూసి జనం పక్కకి జరిగారు.

"నా తమ్ముడి బండికి తీగ కట్టింది నేను. హోబర్ట్ కాదు" అన్నాడు బావ. అంతే అన్నాడు. ఇంకో మాట కలపలేదు, కన్నీళ్లు పెట్టలేదు. నడుచుకుంటూ వెళ్లి హోబర్ట్ ముందు నిలబడి, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "కొట్టు" అన్నాడు.

హోబర్ట్ పూలు కింద పెట్టాడు. కత్తి కింద పెట్టాడు. పిడికిలి బిగించి కొట్టాడు. బావ పడ్డాడు, లేచాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ లేచాడు. మూడోసారి లేవలేకపోయాడు. గడ్డి మీద రెండు పళ్లు పడ్డాయి. అరవై మంది ఉన్నాం, ఒక్కరం కదల్లేదు. వాగులో మునిగిన చర్చి పెద్ద కూడా టోపీ తీసి నిలబడ్డాడే గానీ అడ్డం రాలేదు.

తర్వాత హోబర్ట్ భోజనాల బల్ల దగ్గరికి వచ్చాడు. నేను తెచ్చిన బీన్స్ చారు కుండ ఆవిర్లు కక్కుతోంది. గుడ్డ పట్టుకుని కుండ ఎత్తి నా ఎదురుగా వచ్చాడు. మెడ మీద ముడతలు పడ్డ ఆ తోలు అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. పారిపోవాలనిపించింది. కళ్లు మూసుకుని నిలబడ్డాను.

కుండ మొత్తం నా బూట్ల ముందు నేల మీద పోశాడు. చింది పడి రెండు కాళ్లూ బొబ్బలెక్కాయి. "ఇంతే కాలింది నీకు. మిగతాది ఎలా ఉంటుందో రోజూ ఊహించుకో" అన్నాడు. ఊహించుకుంటున్నాను.

బావని నేను క్షమించలేదు. రోజూ షాపుకి వెళ్తాను, రోజూ అతనికి కాఫీ పోస్తాను, పళ్లు లేవు కదాని రొట్టె పాలలో నానబెట్టి ఇస్తాను. క్షమించాను అని మాత్రం అనను, అతనూ అడగడు. ఎడమ చెయ్యి సరిగ్గా అతుక్కోలేదు. స్క్రూ పట్టుకోలేదు, పిడికిలీ బిగించలేదు. సీటు తీగ కట్టిన బండి ఎవరైనా తెస్తే ఇప్పుడు నేనే విప్పుతున్నాను. ఎవరినీ వాగులో వేయడం లేదు. అతను మూల కూర్చుని చూస్తూ ఉంటాడు.

ఆ ఆదివారం సంగతి పూర్తి చేయాలి. హోబర్ట్ రెండు గంటలు ఒక్కడే డొంక నరికాడు. చేతులు చీరుకుపోయి రక్తం కారుతున్నా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. రీవా రాయి బయటపడ్డాక నా వైపు చూసి తల ఊపాడు. నేను డెన్వర్ బండి ఎక్కి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది. కాళ్లు మండుతుంటే నెమ్మదిగా, రాయికి జానెడు దూరం దాకా కోశాను. గడ్డిలో పాత పూలకుండీ ఒకటి అడ్డం వచ్చింది. తీద్దామని సీటు దిగాను.

ఇంజన్ ఆగిపోయింది.

హోబర్ట్ ఉలిక్కిపడి లేచాడు. "ఏమైంది? ఆగిపోయిందేం?"

"నేను దిగాను" అన్నాను. "దిగితే ఆగాలి."

అక్కడే గడ్డి మీద కూర్చుని ఏడ్చాను. బండి నా పక్కన కదలకుండా నిలబడి ఉంది.